రాధామనోహరం ఏపుగా పెరుగుతోంది, పువ్వు మాత్రం రావడం లేదు

ముందుగా ఒక మాట, దయచేసి ఆ తీగను పీకేయకండి. దానికి జబ్బేమీ లేదు.

మీరు రాసిందాన్ని నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో ఒకసారి చూసుకోండి. రెండున్నరేళ్ల కిందట రాధామనోహరం అంటుమొక్క తెచ్చి గేటు పక్కన నేలలో పెట్టారు, ఇనప కమాను మీదికి పాకించారు. పదిహేను రోజులకోసారి పశువుల ఎరువో వర్మీ కంపోస్టో వేస్తున్నారు. రోజూ నీళ్లు పోస్తున్నారు. కొమ్మలు దారికి అడ్డం వస్తున్నాయని మూడు వారాలకోసారి కత్తెరతో చివర్లు కత్తిరించి చక్కగా ఉంచుతున్నారు. ఆకులు అరచేతంత పెరిగాయి, నిగనిగలాడుతున్నాయి. ఇప్పటిదాకా ఒక్క మొగ్గ కూడా కనపడలేదు. ఈమధ్య కింది ఆకులు పసుపు తిరుగుతున్నాయి. ఇంత చేసినా పూయని తీగ ఎందుకని, తీసేసి ఇంకోటి పెడదామనుకుంటున్నారు.

ఈ తీగతో నాకు ఇరవై ఏళ్లకు పైగా పరిచయం. నా మొదటి మొక్క కూడా మూడేళ్లు పూయలేదు. అప్పుడు నేనూ మీరు చేస్తున్నవే చేశాను, పైగా కాస్త ఎక్కువే చేశాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

రాధామనోహరం విషయంలో తెలుసుకోవాల్సింది అసలు ఒక్కటే. పువ్వు ఎక్కడ పుడుతుంది? పాత కొమ్మల మీద పుట్టదు. ఈ ఏడాది కొత్తగా వచ్చిన రెమ్మ చివరన, ఆ చివరికి దగ్గరగా ఉన్న ఆకు మూలల్లో గుత్తి కడుతుంది. కొత్త రెమ్మ రావాలి, అది కాస్త ముదరాలి, దాని చివరికి ఎండ తగలాలి, ఆ చివర కత్తెరకు చిక్కకుండా మిగలాలి. ఈ నాలుగూ కుదిరితే పూయకుండా ఉండదు. మీ తీగకు కొత్త రెమ్మలు పుష్కలంగా వస్తున్నాయి, అవి ముదరడం, చివర మిగలడమే కుదరడం లేదు. ఎండ సంగతి ఇంకా తేలాలి.

కత్తిరింపు సంగతి ముందు చెప్తాను, అసలు చిక్కు అక్కడే ఉందని నా నమ్మకం. మూడు వారాలకోసారి చివర్లు తీసేస్తున్నారంటే, గుత్తి కట్టబోయే చోటునే ప్రతిసారీ కోసి పారేస్తున్నట్టు. కొత్త రెమ్మ బయల్దేరి, మూరెడు రెండు మూరలు సాగి, ముదిరి మొగ్గ వేయడానికి ఎంత లేదన్నా నెలన్నర, రెండు నెలలు కావాలి. ఆ గడువు మీ తీగకు ఒక్కసారి కూడా దొరకలేదు. కత్తెర పడ్డ ప్రతిసారీ కింది కణుపుల నుంచి మళ్లీ ఆకు రెమ్మలు వేస్తుంది. మళ్లీ మొదటికొస్తుంది. బయటికి చూస్తే ఏపుగా, గుబురుగా కనిపిస్తుంది, లోపల దాని బలమంతా ఆకులకే పోతుంది.

కాబట్టి ఇవాళ్టి నుంచి కత్తెర పక్కన పెట్టండి. దారికి అడ్డం వచ్చే కొమ్మలను కొయ్యకుండా వంచి కట్టండి. ఈ వంచి కట్టడం గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే దీన్ని చాలామంది పట్టించుకోరు, ఫలితం మాత్రం దీనివల్లే ఎక్కువ.

నిటారుగా పైకి పోయే కొమ్మ చివరి చిగురులో ఆక్సిన్ అనే హార్మోను తయారై కిందికి దిగుతుంది. అది కింది కణుపుల్లో నిద్రపోతున్న మొగ్గలను లేవనివ్వదు. అందుకే తీగ కింద బోడిగా ఉండి, కమాను నెత్తి మీదే గుంపుగా చేరుతుంది. అదే కొమ్మను నేలకు సమాంతరంగా పడుకోబెట్టి కట్టారనుకోండి, చివరి చిగురు పెత్తనం తగ్గుతుంది. పొడవునా ఉన్న కణుపుల నుంచి పక్క రెమ్మలు లేస్తాయి. ఒక్కో పక్క రెమ్మ చివర ఒక్కో గుత్తి. నిలబెడితే ఒకటో రెండో గుత్తులు వచ్చే కొమ్మ, పడుకోబెడితే ఆరేడు ఇస్తుంది. నా పందిరి మీద ఒక ఏడాది కావాలనే ఒక వైపు కొమ్మలను నిలువుగా వదిలి, రెండో వైపు అడ్డంగా కట్టి చూశాను. ఆ తేడా చూశాక మళ్లీ ఎప్పుడూ నిలువుగా వదల్లేదు.

కట్టేటప్పుడు పాత నూలు గుడ్డ పేలికలు వాడండి. సన్నటి ఇనప తీగతో కడితే కొమ్మ లావయ్యేకొద్దీ బెరడును కోసుకుపోతుంది. పేలికను కమానుకు ఒక చుట్టు, కొమ్మకు ఒక చుట్టు వచ్చేలా ఎనిమిది అంకెలా వేసి, మధ్యలో వేలు దూరేంత వదులు ఉంచండి. పచ్చగా, వేలంత లావున్న కొమ్మలే చక్కగా వంగుతాయి. బెరడు గోధుమ రంగుకు తిరిగినవాటిని ఒకేసారి వంచబోతే ఫెళ్లున విరుగుతాయి, వాటిని వారానికి కాస్త చొప్పున దించుకుంటూ రావాలి.

చేతికి తొడుగు వేసుకోవడం మరిచిపోకండి. ఈ తీగకు పుట్టుకతో ముళ్లు ఉండవు, అయినా గీసుకుంటుంది. దగ్గరగా చూస్తే సంగతి తెలుస్తుంది. ఆకు రాలేటప్పుడు తొడిమ మొత్తం రాలదు. మొదట్లో కొంత భాగం కొమ్మనే అంటిపెట్టుకుని ఎండి, గట్టిపడి, కొక్కెంలా వంకర తిరుగుతుంది. దానికి నులితీగలు లేవు కదా, పక్క చెట్టునో కమానునో పట్టుకుని ఎక్కడానికి రాలిన ఆకు మొదలునే అలా కొక్కెంగా మార్చుకుంది. నాకు ఈ తీగ మీద మొదట ప్రేమ పుట్టింది పువ్వు చూసి కాదు, ఈ కొక్కేలు చూసి.

ఇక ఎరువు. మాగిన పశువుల ఎరువు వంద కిలోల్లో సుమారు అర కిలో నత్రజని ఉంటుంది, వర్మీ కంపోస్టులో అంతకు రెండు మూడు రెట్లు ఉండొచ్చు. వినడానికి తక్కువే. కానీ పదిహేను రోజులకోసారి చొప్పున రెండున్నరేళ్లు వేశారంటే ఆ కుదుట్లో ఎంత చేరి ఉంటుందో ఆలోచించండి. నత్రజని దండిగా దొరికినంత కాలం ఈ తీగ ఆకు మీద ఆకు వేస్తూనే ఉంటుంది, మొగ్గ జోలికి పోదు. అరచేతంత ముదురాకుపచ్చ ఆకులు, కణుపుకు కణుపుకు మధ్య ఎక్కువ దూరం, మెత్తగా నీరు పట్టినట్టుండే లేత కొమ్మలు. ఇవన్నీ నత్రజని ఎక్కువైన గుర్తులే.

అన్ని ఎరువులూ ఆపేయండి. కనీసం మూడు నెలలు ఏమీ వేయొద్దు. ఆ తర్వాత కొత్త రెమ్మలు ముదురుతున్నప్పుడు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ (నత్రజని లేని పొటాషియం ఎరువు) ఓ ముప్పై గ్రాములు మొదలుకు అడుగున్నర దూరంలో చుట్టూ చల్లి, మట్టిలో కలిపి నీళ్లు పెట్టండి. పూత నడిచినన్నాళ్లూ రెండు నెలలకోసారి ఇలా చేస్తే చాలు. పశువుల ఎరువు ఏడాదికి ఒక్కసారి, పెద్ద కత్తిరింపు అయ్యాక రెండు మూడు కిలోలు. భాస్వరం కోసం ఎముకల పొడి వేయమని ఎవరైనా చెప్తే తొందరపడకండి. అది కరిగి వేరుకు అందడానికి నెలలు పడుతుంది, రెండున్నరేళ్లు ఎరువు తిన్న నేలలో భాస్వరానికి కొరత ఉండే అవకాశమూ తక్కువే.

కింది ఆకుల పసుపు నీళ్ల వల్ల వచ్చింది. తడిసిన మట్టిలో వేర్లకు గాలి ఆడదు. ఊపిరాడని వేరు పోషకాలను పైకి పంపలేదు, తీగ తన పాత ఆకుల్లోని సారాన్ని లాక్కుని చిగుళ్లకు ఇస్తుంది. అందుకే కింది ఆకులు ముందు పండుతాయి. మొదలు దగ్గర వేలు రెండు కణుపుల లోతు దాకా గుచ్చి చూడండి, తడి తగిలితే ఆ రోజు నీళ్లు వద్దు. నేలలో కుదురుకున్న మొక్కకు ఎండ రోజుల్లో వారానికి రెండుసార్లు నిండుగా పోస్తే సరిపోతుంది, రోజూ చెంబెడు పోయడం కన్నా అదే మేలు. పూత సీజన్‌లో మాత్రం మరీ ఎండగట్టకండి, మొగ్గలు విచ్చుకోకుండానే రాలిపోతాయి.

పసుపు కింది ఆకుల్లో కాకుండా లేత ఆకుల్లో వచ్చి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది వేరే సంగతి. అది ఇనుము అందకపోవడం. సున్నం పాలు ఎక్కువున్న మట్టిలో, కొత్త సిమెంటు గోడల పక్కన తరచూ కనిపిస్తుంది. నేలలో ఇనుము ఉన్నా క్షారం వల్ల వేరు తీసుకోలేదు. కీలేటెడ్ ఐరన్ (మొక్క తేలిగ్గా తీసుకోగల రూపంలోని ఇనుము) ఆకుల మీద పిచికారీ చేస్తే రెండు వారాల్లో కొత్త ఆకులు పచ్చబడతాయి. మీరు చెప్పినదాన్ని బట్టి మీది ఇది కాదు.

ఎండ గురించి మీరు ఏమీ రాయలేదు, కమాను గోడ పక్కన ఉందని మాత్రం అన్నారు. ఒక రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా గంట గంటకూ వెళ్లి, కమాను నెత్తి మీద నేరుగా ఎండ పడుతోందో లేదో కాగితం మీద రాసుకోండి. ఆరు గంటలు పడితే దిగులే లేదు. నాలుగు పడితే పూస్తుంది కానీ పలచగా. అంతకన్నా తక్కువైతే ఈ తీగ ఆకులతోనే కాలం గడిపేస్తుంది, మీరు ఏం చేసినా సరే. ఒక మంచి మాట ఏమిటంటే ఎండ కావల్సింది వేరుకు కాదు, కొమ్మ చివరికి. మొదలు నీడలో ఉన్నా, పైభాగాన్ని వెలుతురున్న వైపుకు మళ్లించి కట్టగలిగితే పని జరుగుతుంది. నాకు తెలిసిన ఒకరి తీగ మొదలు మెట్ల కింద చీకట్లో ఉంటుంది, పూత మాత్రం డాబా పిట్టగోడ మీద.

పెద్ద కత్తిరింపు ఏడాదికి ఒక్కటే. చలి తగ్గి చిగుళ్లు కదలబోయే ముందు చేయాలి. ఎండిన కొమ్మలు, ఒకదానికొకటి రాసుకుంటున్నవి, లోపలికి పోయి చీకటి చేస్తున్నవి మొదట తీసేయండి. తర్వాత మొత్తం తీగలో మూడో వంతు తగ్గించండి. గట్టి మొక్కైతే సగం తగ్గించినా తట్టుకుంటుంది. కత్తిరింపు కణుపుకు వేలెడు పైన, కాస్త ఏటవాలుగా పడాలి. కోసిన చోట బెరడు కింద ఆకుపచ్చ కనిపిస్తే ఆ కొమ్మ బతికున్నట్టు. గోధుమ రంగులో పొడిగా ఉంటే పచ్చదనం తగిలేదాకా కిందికి కోసుకుంటూ రండి. ఆ తర్వాత ఏడాది పొడవునా కత్తెరకు ఒకే పని ఉంటుంది. పూత అయిపోయిన గుత్తిని దాని కింది రెండు కణుపులతో సహా తీసేయడం. అక్కడి నుంచి మళ్లీ రెమ్మ వచ్చి మళ్లీ పూస్తుంది. వెచ్చటి చోట ఇలా మూడు నాలుగు విడతలు పూయించవచ్చు.

వేర్ల నుంచి లేచే పిలకల గురించి కూడా చెప్పాలి. రెండు మూడేళ్లు దాటిన తీగ చుట్టూ, ఒక్కోసారి గజం దూరంలో కూడా, కొత్త పిలకలు వస్తాయి. పైపైన కోస్తే ఒకటికి నాలుగవుతాయి. తవ్వి, వేరు నుంచి పుట్టిన చోటే లాగేయాలి. కాస్త వేరుతో సహా వచ్చిన పిలకను కుండీలో పెట్టుకుంటే కొత్త మొక్క. ఈ గుణం వల్లే దీన్ని ఇంటి పునాదికి, నీళ్ల తొట్టికి ఆనుకుని పెట్టొద్దంటాను. కమాను కూడా గట్టిదే కావాలి. ఇది ఇరవై అడుగులకు పైగా సునాయాసంగా ఎక్కుతుంది, వాన పడ్డాక తడిసిన ఆకుల బరువు మీరు ఊహించినదానికన్నా చాలా ఎక్కువ. సన్నటి వెదురు పందిరి రెండో ఏడు నిలవదు.

కొత్త మొక్కలు కావాలంటే నేల అంటు అన్నిటికన్నా తేలిక. కింద వేలాడుతున్న కొమ్మను ఒక కణుపు దగ్గర బెరడు కాస్త గీకి, ఆ భాగం మట్టిలో మునిగేలా రాయి పెట్టి ఉంచితే రెండు నెలల్లో వేళ్లు వస్తాయి. పెన్సిలంత లావున్న, సగం ముదిరిన కొమ్మ ముక్కలూ నాటుకుంటాయి కానీ కాస్త ఓపిక కావాలి. అంటుమొక్క బాగుంటే ఏడాది, రెండేళ్లలో పూస్తుంది. గింజ మొక్క అంతకన్నా ఆలస్యం.

గింజ అంటే గుర్తొచ్చింది. అయిదు అంచులతో, ఎండితే నల్లగా అయ్యే కాయలు అప్పుడప్పుడు కడతాయి. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాటిని తీసేయండి. చైనా సంప్రదాయ వైద్యంలో ఈ గింజను కడుపులో నులిపురుగులకు వాడతారు. ఇందులోని క్విస్‌క్వాలిక్ ఆమ్లం నాడీ కణాల మీద గట్టిగా పనిచేసే పదార్థం, ఈ మొక్క పాత పేరు మీదే దానికి ఆ పేరు వచ్చింది. మోతాదు తప్పితే ఎక్కిళ్లు, వాంతులు పట్టుకుంటాయి. ఇంట్లో ప్రయత్నించాల్సిన మందు కాదు.

ఆ పాత పేరు వెనకాల ఒక ముచ్చట ఉంది, మీ మొక్కకూ సంబంధించిందే. 17వ శతాబ్దంలో ఇప్పటి ఇండోనేషియాలోని అంబోన్ దీవిలో ఉండి అక్కడి మొక్కలన్నీ రాసిపెట్టిన రంఫియస్ దీన్ని చూసి క్విస్‌క్వాలిస్ అన్నాడు. లాటిన్‌లో ఆ మాటకు 'ఎవరు? ఎలాంటిది?' అని అర్థం. మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతిని స్థిరపరిచిన లిన్నేయస్ 1762లో దాన్నే ఖాయం చేసి క్విస్‌క్వాలిస్ ఇండికా అని పెట్టాడు. ఇప్పుడు శాస్త్రజ్ఞులు కోంబ్రెటం ఇండికం అంటున్నారు. మద్ది, కరక్కాయ, నాటు బాదం చెట్లున్న కుటుంబమే దీనిదీ. ఆ ప్రశ్న ఎందుకు పుట్టిందో మొక్కను చిన్నప్పటి నుంచి చూసినవాళ్లకు తెలుస్తుంది. మొదట్లో ఇది పొదలా పెరుగుతుంది, ఎవరూ తీగ అనుకోరు. తర్వాత ఉన్నట్టుండి పొడవాటి కొమ్మలు విసిరి తీగైపోతుంది. పొద దశలో ఉన్నప్పుడు పూయలేదని కంగారుపడి ఎరువులు గుమ్మరించేవాళ్లను చాలామందిని చూశాను. మీది ఆ దశ దాటేసింది.

పురుగుల బెడద పెద్దగా ఉండదు. నత్రజని ఎక్కువైన లేత కొమ్మల మీద పేనుబంక, పిండినల్లి చేరతాయి. నీళ్ల పైపుతో గట్టిగా కొట్టి, లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి సాయంత్రం పూట చల్లితే అదుపులోకి వస్తాయి. మొగ్గ విచ్చుకుంటున్న గుత్తుల మీద మాత్రం చల్లకండి, తేనెటీగలు వస్తుంటాయి.

చలి ప్రాంతాల్లో ఉన్నవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక్క మాట. ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి పోతే ఈ తీగ ఎదుగుదల ఆపి ఆకు దులుపుతుంది. మంచు గడ్డకడితే పైభాగం చచ్చిపోతుంది, వేరు బతికుంటే వేడి రాగానే మళ్లీ చిగురిస్తుంది. అలాంటి చోట పద్దెనిమిది అంగుళాల కుండీలో పెంచి చలికాలం లోపల పెట్టుకోవడం మేలు. కుండీలో వేర్లు ఇరుకైతే పూత తగ్గుతుందని భయపడక్కర్లేదు. కాస్త ఇరుకు దీనికి మంచిదే, నీళ్ల విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ఈ వారమే పొడవాటి కొమ్మలను విడదీసి, కమానుకు రెండు వైపులా అడ్డంగా కట్టండి. పిలకలు తవ్వి తీసేయండి. నీళ్లు తగ్గించండి. ఎరువు బస్తా మూట కట్టి పక్కన పెట్టండి. మొదటి నెల ఏమీ జరగనట్టే ఉంటుంది, పైగా కొన్ని పెద్ద ఆకులు పండి రాలతాయి. ఓర్చుకోండి. తర్వాత వచ్చే రెమ్మల్లో ఆకులు చిన్నవిగా, కణుపులు దగ్గర దగ్గరగా ఉంటాయి. అలా కనిపిస్తే తీగ దారిలో పడ్డట్టే. చివరన ఆకుల మధ్య నుంచి సన్నటి ఆకుపచ్చ పుల్లల కట్టలాంటిది బయటికొస్తే, ఆ పుల్లల కొసలు కొద్దిగా ఎర్రబారి ఉంటే, అవే మొగ్గలు. దాన్ని కొత్త చిగురనుకుని తుంచకండి.

మొదటి గుత్తి విచ్చుకునే సాయంత్రం మాత్రం ఇంట్లో ఉండండి. పొద్దు వాలుతుండగా తెల్లగా విచ్చుకుంటుంది, పువ్వు అడ్డంగా ఎదురు చూస్తున్నట్టు నిలబడుతుంది. చీకటి పడేకొద్దీ వాసన చిక్కబడుతుంది. రాత్రి తిరిగే, పొడవాటి నాలుకున్న హాక్‌మాత్ అనే పెద్ద చిమ్మటల కోసం అది. మనం కాడ అనుకునేది నిజానికి సన్నటి గొట్టం, తేనె దాని అడుగున ఉంటుంది. మర్నాటికి ఆ పువ్వే గులాబీ రంగు తిరిగి తల వంచుతుంది, మూడో నాటికి ఎర్రబడుతుంది. పగటి వంతు తేనెటీగలది, సీతాకోకలది. రోజూ కొత్తవి విచ్చుకుంటాయి కాబట్టి ఒకే గుత్తిలో తెలుపు, గులాబీ, ఎరుపు మూడూ కలిసి కనిపిస్తాయి.

ఎండ లెక్క రాసుకున్నాక ఇక్కడే చెప్పండి. నాలుగు గంటల కన్నా తక్కువ తేలితే కమానును ఏ వైపుకు జరపాలో, కొమ్మలను ఎటు మళ్లించాలో కలిసి చూద్దాం.